మా మేడ మీది నోడ్

పోయిన వేసవిలో ఒకరోజు ఊరు ఊరంతా మా వసారాలో కూర్చుంది. సరే, ఓ పదిమంది రైతులు.

కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చి వివరాలను తర్వాత ఎవరూ దిద్దలేకుండా బ్లాక్‌చెయిన్‌లో ఉంచే యాప్ మా కోడలు తయారుచేసింది. అందుకు కావలసిన నోడ్ అనే కంప్యూటర్‌ను ఒక కంపెనీ దగ్గర అద్దెకు తీసుకుంది. అద్దెదంటే రైతులు నమ్మరని భయపడి, "మిషను మా మేడ మీదే ఉంది" అని కోతలు కోశాను.

కరెంటు లేని సమయం. వచ్చిన రైతుల్లో ముందుగా పేరయ్య బస్తాల వివరాలు కోడలు ఎక్కించింది. ల్యాప్‌టాప్ తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. నేను కాలుగాలిన పిల్లిలా వసారా అంతా తిరుగుతున్నాను.

"బాబాయ్, ఆపి మళ్లీ వేస్తే అదే దార్లోకొచ్చిద్ది!" అంటూ పేరయ్య మేడెక్కి, పచ్చ లైటు వెలుగుతున్న పెట్టెను ఆపేశాడు. అది మా ఇన్వర్టర్! ఫ్యాన్లు, వైఫై అన్నీ ఆగిపోయాయి.

"మేడ మీద ఏముందని చెప్పారు మావయ్యా?" అంది కోడలు. అందరి ముందూ నిజం కక్కాను.

ఆమె తన ఫోన్‌లో మొబైల్ డేటా వేసి యాప్ తెరిచింది. వైఫై ఆగేలోపే చేరిపోయిన పేరయ్య బస్తాల వివరాలన్నీ భద్రంగా కనిపించాయి. "ఇవి ఒక్కచోట కాదండీ, ఎన్నో కంప్యూటర్లలో ఉంటాయి" అంది.

"బాబాయ్ చేతిలో లేదుగా? అయితే నమ్ముతా. మా తమ్ముడి మిర్చి కూడా ఎక్కించమ్మా!" అన్నాడు పేరయ్య.

నా కోతలే కోడలి పనికి సాయపడ్డాయని ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను. ఊరంతా మా ఇన్వర్టర్‌ను నోడ్ అనే పిలుస్తోంది. ఊరంతా అంటే, పేరయ్య ఒక్కడే లెండి.