స్లాబులో లేని క్యూబులు

1994. బహ్రెయిన్‌లో జిదాఫ్స్ దగ్గర నాలుగంతస్తుల భవనం కడుతున్నాం. సైటు ల్యాబులో నేను హెల్పర్‌ని, నా పని క్యూబులు పొయ్యడం. స్లాబు వేసేరోజు అదే కాంక్రీటును చిన్న ఇనప అచ్చుల్లో పోసి, ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళలో నానబెట్టి, మిషన్ కింద నొక్కుతారు. ఎంత బరువుకి విరిగితే అంత బలం.

‘అదే కాంక్రీటు’ అనేది కాగితం మీది మాట. స్లాబుకి పోసేదాంట్లో, పని తేలిగ్గా సాగడానికి నీళ్ళు ధారాళంగా కలిపేవాళ్ళు. క్యూబులకి మాత్రం నేను ఓ మూల కూర్చుని, సిమెంటు దండిగా వేసి, నీళ్ళు చుక్కల లెక్కన కలిపేవాణ్ణి. ఆరేళ్ళలో ఒక్కటీ ఫెయిలవలేదు. వాటిని విరగ్గొట్టలేక నొక్కే మిషనే రెండుసార్లు రిపేరుకని ముహర్రక్ ఎయిర్‌పోర్టులో విమానమెక్కింది. నమ్మకపోతే మిషన్నే అడగండి.

ఆ ఎండాకాలం జర్మనీలోని ఒక ప్రభుత్వ సాంకేతిక విశ్వవిద్యాలయం నుంచి స్టెఫాన్ అనే పరిశోధకుడు వచ్చాడు. ఉప్పుగాలి కాంక్రీటులోకి దూరి లోపలి ఇనుమును ఎన్నాళ్ళలో తింటుందో తేల్చాలట. మా క్యూబులు పన్నెండు పట్టుకెళ్ళి, రెండేళ్ళు ఉప్పునీళ్ళలో ఉంచి, ఇలాంటి తీరాల్లో ఇళ్ళు ఎలా కట్టాలో రాస్తారట.

“మల్లేశం, దొరగారికి మన స్పెషల్ ఇచ్చెయ్యి,” అన్నారు మా ఫోర్‌మన్ సత్తిబాబు గారు. ఇచ్చాను.

వాటిని పెట్టెలో సర్దుతూ స్టెఫాన్ ఒకదాన్ని చేతిలో తిప్పి చూశాడు. “స్లాబులో పోసింది ఇదేనా?”

ఇన్‌స్పెక్టర్లందరూ నన్ను “పాసా, ఫెయిలా?” అనే అడిగారు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. కోతలు కొయ్యడంలో నాకు పేరుంది, ఒప్పుకుంటాను. కానీ క్యాంపులో టీ తాగుతూ చెప్పే అబద్ధం కింద ఎవరూ కాపురముండరు.

“కాదు సార్,” అన్నాను. వచ్చీరాని ఇంగ్లీషులో అంతా చెప్పేశాను.

“మతి పోయిందేంట్రా?” సత్తిబాబు గారు పళ్ళు కొరికారు. “కఫీల్‌కి ఒక్కమాట చెప్పానంటే నీ వీసా ఖలాస్. వారంలో జగిత్యాలలో ఉంటావు!”

“చెప్పుండ్రి సార్. రెండో అంతస్తుల ఆయన బిడ్డే కాపురముంటదట గద. స్లాబుల ఎన్ని నీళ్ళు పోసినమో నేను గూడ చెప్త.”

ఆయన నా దారికి అడ్డు తప్పుకున్నారు. మా యజమాని కఫీల్‌కి అసలు బిడ్డే లేదు. ఆమెను నేనప్పుడే పుట్టించాను.

పైన స్లాబు పడుతోంది. అచ్చులు చంకన పెట్టుకుని ఎక్కాను. “భాయ్, ఆపు!” అని తోపుడుబండి ఆపి, అందరూ చూస్తుండగా అందులోంచే పదమూడు క్యూబులు నింపాను. ఇరవై ఎనిమిదో రోజున ఒకదాన్ని నొక్కితే సగం బరువుకే అప్పడంలా విరిగింది. మిగతా పన్నెండూ జర్మనీ వెళ్ళాయి. స్లాబు పగలగొట్టి మళ్ళీ వెయ్యాల్సొచ్చింది.

నన్ను చల్లటి ల్యాబు నుంచి తీసి, ఎండలో మిక్సర్ దగ్గర నీళ్ళ పైపు చేతికిచ్చారు. శిక్షనుకున్నారు. కాంక్రీటు బలం తేలేది మిషన్ కింద కాదు, ఆ పైపు దగ్గరే అని నాకు తెలిసింది అక్కడే. ‘ఇంకొంచెం పొయ్యి’ అన్న ప్రతివాడికీ కొలత బకెట్ చూపించేవాణ్ణి.

“ఇగ నీళ్ళు కావాల్నంటే తాగనీకి ఇస్త,” అనేవాణ్ణి.