సజ్దాలో ఉన్నంతసేపు

మసీదులో జమాతు, అంటే అందరూ కలిసి చేసే నమాజు, ముగిసి అందరూ చెప్పులు వెతుక్కుంటున్నా, ఇమాం వలి తన సొంత నమాజులో నుదురు నేలకానించి సజ్దాలోనే ఉండేవాడు. ఆదోనిలో దూది ఏకి పరుపులు కుట్టే ఆ మనిషికి పేటలో భక్తిపరుడని పేరు.

అంతకుముందు తాగుబోతని పేరు. కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచి కడుపునొప్పి వచ్చి మెలికలు తిరిగేవాడు. ఎదురుగా టీ అంగడి సమీవుల్లా ఊరుకునేవాడు కాదు. "ఏమప్పా వలీ, రాత్రి శానా ఎక్కువైనట్టుండాదే?" చుక్క ముట్టని వలి తల వంచుకుని దూది ఏకుకునేవాడు. మోకాళ్లు ముడిచి ముందుకు వంగితే, వీపుదాకా పొడిచే నొప్పి కాస్త సడలుతుందని సజ్దాలోనే కనిపెట్టాడు. జనం దాన్ని భక్తి అనుకున్నారు. ఆయన అనుకోనిచ్చాడు.

నిరుడు వాంతులతో పడిపోతే భార్య ఫిరోజా కర్నూలు తీసుకెళ్లింది. స్కానింగులో క్లోమంలో రాళ్లు కనిపించాయి. తాగుతాడా అని డాక్టరు అడిగాడు.

"మీరూ సమీవుల్లా మాదిరే అడుగుతాండారే సార్! ఆ వాసనే పడదు ఈయనకు."

వలి తండ్రి కూడా ఇలాంటి నొప్పితోనే పోయాడని విన్నాక డాక్టరు జన్యు పరీక్ష రాశాడు. ఫలితం వచ్చాక విడమరచి చెప్పాడు. మాంసం, పప్పు అరిగించే ట్రిప్సిన్ క్లోమంలో తయారవుతుంది. నిద్రలో ఉన్నట్టు బయలుదేరి, పేగులోకి చేరాకే మేల్కోవాలి. దాన్ని తయారుచేసే జన్యువులో తేడా ఉండటంతో వలికి అది క్లోమంలోనే మేల్కొని, క్లోమాన్నే అరిగిస్తోంది.

"పిల్లలకు వచ్చే అవకాశం సగం. నొప్పి అంటే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు."

వాళ్లకు ఒక్కతే కూతురు, తొమ్మిదేళ్ల సమీరా. భార్యాభర్తలు ఆ మాట వలి తల్లి ఫాతిమా బీకి కూడా చెప్పలేదు. పాప అన్నం వద్దన్న ప్రతిసారీ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు.

ఈ ఎండాకాలం ఒక మధ్యాహ్నం లోపలి నుంచి ఫాతిమా బీ కేకేసింది.

"ఒరేయ్ వలీ, ఇట్ల రారా! నీ బిడ్డను చూడు, ఎంతసేపటి నుంచి సజ్దాలో ఉండాదో!"

కొత్త పరుపు మీద సమీరా మోకాళ్లు ముడుచుకుని, నుదురు ఆనించి ఉంది. పక్కింటి ఆడవాళ్లు ముచ్చటగా చూస్తున్నారు. "అచ్చం నాయన పోలికే."

వలి పాప తల ఎటు ఉందో చూశాడు. నమాజుకైతే పడమటికి, మక్కా దిక్కుకు ఉండాలి. తూర్పు గోడకు ఉంది.

చేతిలో సూది పారేసి పక్కన కూలబడ్డాడు. "యాడ నొస్తాందమ్మా?"

సమీరా తల ఎత్తకుండానే పొట్ట పైభాగం చూపింది. తర్వాత వీపు చూపింది. "ఇట్లుంటే తగ్గుతాది నాయనా. నువ్వు ఉంటావు కదా."

"నమాజులో ఉండే బిడ్డను కదిలిస్తావేంరా?" ఫాతిమా బీ కసిరింది.

"నమాజు కాదమ్మా. నేను చేసిందీ శానాసార్లు నమాజు కాదు. నొప్పి."

ఫిరోజా అప్పటికే చెప్పులు వేసుకుంది.

కర్నూలు బస్సులో సమీరా తండ్రి ఒడిలో అలాగే ముడుచుకుంది. ఎమ్మిగనూరు దాటేసరికి మూలగడం కూడా మానేసింది. వలి దారి పొడుగునా ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూనే ఉన్నాడు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. మర్నాటికి నొప్పి దిగింది. కొన్ని వారాలకు జన్యు పరీక్ష వచ్చింది. తండ్రిలో ఉన్న తేడాయే.

డాక్టరు దాచలేదు. పూర్తిగా నయం చేసే మందు లేదు. నూనె, కొవ్వు తగ్గించాలి, నీళ్లు బాగా తాగాలి, నొప్పి రాగానే తీసుకురావాలి. వలికి ఆలస్యమైనంత ఈ పిల్లకు కాలేదని మాత్రం అన్నాడు.

ఫాతిమా బీ ఇప్పుడు మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకునే నమాజు చేస్తుంది. పాప నుదురు నేలకు ఆనిస్తే, తన నమాజు అయిపోయినా ఆవిడ కదలదు. లేవడం కాస్త ఆలస్యమైతే వంగి, గొంతు తగ్గించి అడుగుతుంది.

"నమాజేనా తల్లీ, నొప్పా?"

జవాబు వెంటనే రాదు. నమాజులో మాట్లాడకూడదని నేర్పింది ఆవిడే. పాప లేచి కూర్చునేదాకా ఆ జేజి చూస్తూనే ఉంటుంది.