చెంబుతో ఇచ్చిన జ్ఞానస్నానం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదని నా గట్టి నమ్మకం. ఖమ్మంలో నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతూ, సెలవులకు దుమ్ముగూడెం దగ్గర మా ఊరికి వస్తే ఇంట్లో అందరికీ నాడి చూసేదాన్ని (ఎవరూ అడగకపోయినా). అప్పుడు అక్క పురిటికి వచ్చి, బాబు పుట్టాక మా ఇంట్లోనే ఉంది. ఫాదర్ మా గుడికి నెలకోసారే వస్తారు కాబట్టి, బాబు జ్ఞానస్నానం ఆ ఆదివారానికి ఖాయం చేశారు. నాయనమ్మ ఊరంతా పిలిచేసి, నెత్తిన నీళ్లు పోసేటప్పుడు ఫొటో తియ్యడానికి భద్రాచలం నుంచి ఫొటోగ్రాఫర్‌ను కూడా మాట్లాడింది.

గురువారం పొద్దున పాలు గొంతుకు అడ్డుపడి బాబు నీలంగా మారి, ఒళ్లు వేలాడేశాడు. బయట వాన, వాగు పొంగి ఆటో వచ్చే దారి లేదు. క్లాసులో నేర్పినట్టు బోర్లా పట్టుకుని వీపు తట్టాను. పాలు బయటికొచ్చాయి గాని వాడిలో చలనం లేదు. జ్ఞానస్నానం లేకుండానే పోతాడని నాయనమ్మ కూలబడింది. ప్రాణం మీదికొస్తే ఎవరైనా ఇవ్వచ్చని గుడిలో మాకు మతపాఠాలు చెప్పే ఉపదేశి చెప్పిన పాఠం (ఆ ఒక్క రోజే నేను మేలుకుని విన్నాను) గుర్తొచ్చి, చేతికందిన చెంబు తీసుకుని, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నానంటూ మూడుసార్లు నెత్తిన నీళ్లు పోశాను. మూడోసారికి వాడు ఇల్లు అదిరేలా ఏడ్చాడు. వాడితోపాటు మేమందరమూ ఏడ్చాం.

వాడు తేరుకున్నాక నాయనమ్మ కూడా తేరుకుంది. జపమాల చెబుతుంటే కునికిపాట్లు పడే పిల్ల పోస్తే అది ఉత్త స్నానమే గాని జ్ఞానస్నానం కాదని తేల్చేసింది. దేవుడి పనిలో వేలుపెట్టి పాడుచేశానేమోనన్న భయంతో మూడు రోజులు నాకు అన్నం సహించలేదు.

ఆదివారం గుడిలో నాయనమ్మ సంగతంతా చెప్పగానే, ఫాదర్ నన్ను పీఠం ముందుకు పిలిచి ఏ నీళ్లు పోశావు, ఎన్నిసార్లు పోశావు, ఏమన్నావు అని అడిగారు. అన్నీ చెప్పాను. అది చెల్లుతుంది, ఇక నీళ్లు పొయ్యక్కర్లేదన్నారు. నాయనమ్మకు ఫొటోగ్రాఫర్ గుర్తొచ్చినట్టుంది.

"నా తృప్తికి ఇంకొక్కసారి పొయ్యుండ్రి ఫాదర్."

"ఒక్కసారి పుట్టినోడు మళ్ల పుడ్తడా అమ్మా? ఈ నీళ్లంటే దేవుని ఇంట్ల పుట్టుడే. మీ మనుమడు మీ పిల్ల చేతుల పుట్టిండు."

జన్మపాపం పోయినవాడికి కొత్త బతుకు గుర్తుగా తెల్లబట్ట కప్పి, నడినెత్తిన పరిమళ తైలం రాసి, క్రీస్తు వెలుగని కొవ్వొత్తి వెలిగించారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర నాయనమ్మ వరస వరసకూ తిరిగి, మా పిల్లే ఇచ్చిందని చెప్పుకుంది. గెలిచిన ఎమ్మెల్యే కూడా అంత గర్వంగా తిరగడు, నేను తిరిగాను.

ఇప్పుడు ఎన్నో పురుళ్లు చూసిన నర్సును, చేతులు వణకవు. దేనికైనా డాక్టరును అడిగిగాని అడుగు ముందుకు వెయ్యను. అరకొర చదువుతో అంత సాహసం చేసిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. అది ఇప్పుడు నన్ను చూస్తే, ఇంత పిరికిదానివెప్పుడయ్యావని నా నాడి కూడా చూస్తుందేమో.