వదినకు కావలసిన మగపురుగు

మా అన్న భార్యను కాలేజీలో అందరూ రోకలిబండ మేడమ్ అంటారు. చాటుగా కాదు, ముఖం మీదే. ఆమెకు చీమ కుట్టినట్టయినా ఉండదు. తాకితే చుట్ట చుట్టుకునే ఆ పురుగుల మీదే ఆమె ఉద్యోగమంతా గడిచింది. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదు కానీ, కుళ్ళిన ఆకు కింద ఏముందో అడగండి, పొద్దుపోయేదాకా చెబుతుంది.

కాలేజీ వెనక చిన్న తోపు ఉండేది. కిందటేడు అక్కడి ఆకుల్లో వదినకు బియ్యపు గింజలో సగం కూడా లేని తెల్లటి రోకలిబండలు దొరికాయి. ఎవరూ చూడని కొత్త జాతి అని ఆమె నమ్మకం. ఖర్మ కొద్దీ దొరికినవన్నీ ఆడవే! ఈ పురుగుల్లో ఏది ఏ జాతో తేల్చేది మగదాని ఒంటి కింద ఉండే ఒక వంకర కాళ్ళ జతట. అది చూపకుండా పేరు పెడితే ఎవరూ ఒప్పుకోరు. ఇక్కడ ప్రిన్సిపాల్‌కేమో తోపు కొట్టించి బళ్ళు నిలిపే చోటు చేయాలని తొందర. "పేరు పెట్టి చూపించండి మేడమ్, తోపు జోలికి రాను" అన్నాడాయన.

వదిన ఆ తోపు ఆకులను పెద్ద గరాటులో పోసి పైన కరెంటు దీపం పెడుతుంది. దాని వేడికి పైనుంచి ఆకులు ఎండుతుంటే పురుగులు తడి వెతుక్కుంటూ కిందికి దిగి, అడుగున పెట్టిన సీసాలో, స్పిరిట్‌లో పడతాయి. ఈ వానాకాలమంతా ఆమె సంచులు మోస్తూనే ఉంది. సీసాలో ఒక్కటి పడితే ఒట్టు. ఆమె పారబోసే ఆకులను నేను ఇంటికి తెచ్చి గులాబీ కుండీల్లో వేసుకునేదాన్ని. చివరికి ప్రిన్సిపాల్ అడిగితే, అబద్ధమాడటం చేతకాని మనిషి కదా, "ఇక అక్కడ లేనట్టేనండీ" అని తన నోటితోనే చెప్పి వచ్చింది. మర్నాడే తోపులోకి యంత్రం దిగింది.

ఆ తర్వాత ఒకరోజు వానలో తడిసి కాలేజీలో ఆమె గదికి వెళ్ళాను. వేళ్ళు కొంకర్లు పోతుంటే గరాటు మీది దీపం దగ్గర పెట్టాను.

"ఇదేంటి వదినా, ఇంత చల్లగా ఉంది?"

వదిన లేచి వచ్చి దీపాన్ని గుప్పిట్లో పట్టుకుంది. ఆమె ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. కరెంటాయన్ని పిలిపించాం.

"వానలకు ముందే పాత బల్బులన్నీ తీసి ఎల్‌ఈడీలు పెట్టమన్నారమ్మా. వెలుగెక్కువ, వేడుండదు, కరెంటు ఆదా. మంచే కదా?" అన్నాడు పాపం.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇన్నాళ్ళూ కళ్ళెక్కడ పెట్టుకున్నావు వదినా?" అని అరిచాను.

"సీసా మీద పెట్టుకున్నానే" అంది నీరసంగా. "పైకి చూడలేదు."

వేడి లేదు, ఆకులు ఎండలేదు, పురుగులు దిగలేదు. ఉన్నవన్నీ ఆకుల్లోనే ఉండిపోయాయి. వదిన ఉలిక్కిపడి నా వైపు తిరిగింది. "నీ కుండీలు!"

ఇంటికొచ్చి నా గులాబీలన్నీ పెరికింది. నేను లబోదిబోమంటున్నా వినలేదు. ఆఖరి కుండీలో ఆ తెల్ల పురుగులు మూడు కనబడ్డాయి. భూతద్దం పెట్టి చూసి, "ఒకటి మగదే" అంది.

అన్న పరుగున స్పిరిట్ సీసా తెచ్చాడు. వదిన అందుకోలేదు.

"పేరు పెట్టాలంటే దీన్ని ఇందులో వేసి చంపాలి."

"వెయ్యి మరి!" అన్నాను.

"తోపు లేదు కదే. ఇంకో మగది కనబడలేదు. దీన్నీ చంపేసి ఎవరికి పెట్టను పేరు?"

చెంచాతో మూడింటినీ మళ్ళీ మట్టిలోకి వదిలింది. "పిల్లలు పుట్టనీ. అప్పుడు చూద్దాం."

"అప్పటికి నువ్వు రిటైరై ఇంట్లో కూర్చుంటావు!"

"కూర్చుంటాను" అంది కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాడు మామూలుగా కాలేజీకి పోయింది. పేరు లేని ఆ పురుగులకు పూటపూటా నీళ్ళు చల్లుతున్నది నేను. కాస్త ఆలస్యమైతే ఫోన్ చేసి మరీ తిడుతుంది.