ఆరు ముడులు విప్పినంత సేపు

మొన్న మా కారును ఖమ్మంలో శుభ్రం చేయించడానికి ఇచ్చాను. ఊరికే కడిగించడం కాదు, దీన్ని డీటెయిలింగ్ అంటారని అక్కడి మేనేజరు నాకు ఓపిగ్గా పాఠం చెప్పాడు. సీట్లు ఊడదీస్తారట, ఏసీ జాలీల సందుల్లోకి కుంచెలు దూరుస్తారట, రంగు మీద గీతలన్నీ అరగదీసి పైన ఏదో పూత పూస్తారట. జీవితమంతా బడిలో పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి నాకెవరైనా పాఠం చెబితే వినడం కష్టం. అయినా విన్నాను. ఎంతసేపు పడుతుందని అడిగితే, "నీట్‌గ కావాలంటే రేపు సాయంత్రం దాక ఆగాలె మేడమ్" అన్నాడు. సరేనని బయటికొస్తుంటే ఎవరిదో కారు వెనక సీటు గోడకు ఆనించి ఎండలో పెట్టి ఉంది. ఇంకా తడి ఆరలేదు, కింది అంచు నుంచి నీళ్లు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. అది చూశాక నాకు అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

ఇరవయ్యేళ్లు దాటిపోయింది. అప్పుడు మేం అశ్వారావుపేటలో ఉండేవాళ్లం. మా అక్క పెళ్లి సత్తుపల్లి చర్చిలో, ఎండాకాలంలో, పదకొండు గంటలకు. పెళ్లికూతురు కారులో రావాలన్నది మగపెళ్లివాళ్లు అడిగిన ఒకే ఒక్క కోరిక. మా మేనమామ పాల్వంచలో సొంత అంబాసిడర్‌ను కిరాయికి తిప్పేవాడు కనుక అది కోరికలాగే అనిపించలేదు మాకు. కానీ మామయ్య దాన్ని రాష్ట్రపతి పర్యటనంత చేశాడు. పెళ్లికి ముందురోజు పొద్దున్నే కారు కడగడం మొదలుపెట్టి, పొద్దుగూకేదాకా దాన్ని వదల్లేదు. ముందు గ్రిల్లును కిరసనాయిలు గుడ్డతో, అద్దాల్ని పాత పేపరుతో, డోరు సందుల్ని పళ్లు తోముకునే బ్రష్షుతో తోమాడు. ఒక్కో పని పూర్తయినప్పుడల్లా ఎస్టీడీ బూత్‌కు పోయి మా ఎదురింటికి ఫోన్ చేసేవాడు. ఎదురింటి పిన్నిగారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పామాయిల్ తోటలు పెట్టుకున్న రైతు కుటుంబంలోని ఇల్లాలు. వీధిలో ఫోన్ ఉన్నది వాళ్లకే. పాపం ఆవిడ వంట మధ్యలో రోడ్డు దాటి వచ్చి, "చక్రాలు అయిపోయాయటమ్మా, ఇప్పుడు డిక్కీ మొదలెట్టాడట" అని చెప్పి వెళ్లేది. సాయంత్రం చివరి కబురు, సీట్లకు కొత్త తెల్ల కవర్లు కుట్టించి తొడిగాడని.

పెళ్లిరోజు ఆయన చీకటితోనే పాల్వంచలో బయల్దేరి, ములకలపల్లి మీదుగా అడవి దారిన వచ్చాడు. ఆరు దాటాక కారు మా వాకిట్లో ఆగింది. అమ్మ చేతులు తుడుచుకుంటూ ఎదురెళ్లింది, వెనక నేను. మామయ్య దిగలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు. చొక్కా చేతుల దగ్గర రక్తం. వెనక తలుపు తీసిన అమ్మ అలాగే నిలబడిపోయింది. సీటంతా తడిసి, కింద కాళ్లు పెట్టుకునే చోట మడుగు కట్టి ఉంది.

అడవి మధ్యలో ఒకతను రోడ్డుకు అడ్డంగా నిలబడి చేతులెత్తాడట. పక్కన నొప్పులు పడుతున్న భార్య. లోపలి ఊరి నుంచి ఆమెను మంచం మీద రోడ్డుదాకా మోసుకొచ్చారు. ఫోన్ చేస్తే అంబులెన్సు వచ్చే రోజులు కావవి. తెల్లవారకముందు ఆ దారిలో ఎవరో చెయ్యెత్తితే బండి ఆపాలా వద్దా అని రెండుసార్లు ఆలోచించుకునే రోజులు. మామయ్య ఆపాడు, ఇద్దర్నీ ఎక్కించుకుని అశ్వారావుపేట సర్కారు దవాఖానాలో దింపి వచ్చాడు. అప్పటికింకా కాన్పు కాలేదు. ఏమవుతుందో తెలియదు. ఇదంతా ఆయన నాలుగు ముక్కల్లో చెప్పాడు, ప్రతి చిన్న విషయానికీ ఫోన్ చేసే మనిషి.

అప్పుడు చూశాను, ముందు సీటులో తెల్ల కవర్లు మడతపెట్టి ఉన్నాయి. మల్లెపూవులా తెల్లగా, ఒక్క చుక్క కూడా లేకుండా. అమ్మ కూడా చూసి, "మంచి పని చేసినవ్ తమ్ముడా, కవర్లన్న తీసినవ్" అంది. ఆ మాటకు మామయ్య తల తిప్పి అమ్మ వైపు చూసిన చూపు నాకు అర్థం కాలేదు. దిగి, బకెట్ అడిగాడు.

మాకున్నది మూడు గంటలు. తొమ్మిదిన్నరకు బయల్దేరకపోతే వేళకు చర్చి చేరలేం. ఇంకో కారు వెతుకుదామంటే పెళ్లిళ్ల రోజులు, ఉన్నవన్నీ ఎప్పుడో కుదిరిపోయాయి. మా వాళ్లలో పెళ్లికూతురు కట్టేది తెల్ల చీర. లేత గోధుమరంగు రెగ్జిన్ సీటు పైపైన తుడిస్తే పోయేదే, కానీ కుట్ల సందుల్లోంచి లోపలి పీచులోకి దిగిన తడి ఎవరైనా కూర్చోగానే మళ్లీ పైకి వస్తుంది. తెల్ల కవరు తడుస్తుంది, ఆపైన తెల్ల చీర. మామయ్య సీటు మొత్తం ఊడదీసి వాకిట్లో పెట్టాడు. నేను చేతిపంపు కొడుతుంటే ఆయన సబ్బుపొడి చల్లి తోమాడు. ఎర్ర నీళ్లు, తర్వాత గులాబీ నీళ్లు, తర్వాత మామూలు నురగ. తోముతున్నంత సేపూ రోడ్డు మీద ఎవరి చెప్పుల చప్పుడైనా తల ఎత్తి చూసేవాడు. దవాఖానా నుంచి కబురు తెచ్చేవాళ్లు ఎవరున్నారు కనుక?

అంతలో పిన్నిగారు వచ్చింది. విషయం విని నొచ్చుకుని, ఇంట్లోకి పోయి ఇత్తడి చెంబుతో పసుపు నీళ్లు తెచ్చింది. కాన్పు మైల తగిలిన బండిలో పెళ్లికూతురు ఎక్కకూడదని ఆవిడ పట్టింపు. మేం ప్రార్థన చేసుకునేవాళ్లమని తెలుసు, అయినా మా అక్కను ఎత్తుకు పెంచిన చేతులవి. మామయ్య పంపు దగ్గర బ్రష్షు కడుక్కుంటుండగా చెంబుడు నీళ్లూ సీటు మీద భక్తిగా పోసేసింది. సబ్బు నురగ ఇంకా వదల్లేదు. పసుపు దానికి తగిలీ తగలగానే మా కళ్ల ముందే సీటంతా ఎర్రబడింది. ఇంతసేపూ కడిగిన రక్తం కంటే ఎర్రగా. పిన్నిగారు చెంబులోకి తొంగి చూసుకుంది, తనే ఏదో తప్పు నీళ్లు తెచ్చానేమోనని. మామయ్య వెనక్కి తిరిగి ఆ ఎరుపు చూసి, ఉన్నచోటే మట్టిలో కూలబడ్డాడు. అది రక్తం కాదు, సబ్బుకు ఎర్రబడ్డ పసుపు అని నేను చెబుతూనే ఉన్నాను. ఆయనకు వినిపించలేదు.

నిమ్మకాయ పిండితే విరుగుతుందని పిన్నిగారికే గుర్తొచ్చింది. కుంకుమ ఇంట్లో చేసుకునేవాళ్లకు అది తెలిసిన విద్యే. పరుగున పోయి కొంగునిండా నిమ్మకాయలు తెచ్చింది, వాటిని కోయడానికి అమ్మను వెంటబెట్టుకుని లోపలికి వెళ్లింది. వాకిట్లో మేమిద్దరమే మిగిలాం. అప్పుడు చెప్పాడు మామయ్య, సీటు వైపే చూస్తూ.

"కవర్లకు ఆరు నాడాలున్నయ్ బిడ్డా, సీటు కిందికెల్లి. నిన్న ఊడిపోవద్దని గట్టిగ ముడేసిన. ఆరూ ఇప్పిన. ఆమె డోరు పట్టుకొని నిలబడ్డది. అతను నన్ను ఒక్క మాట అనలే. నేను ఇప్పుకుంట కూసున్న."

ఎంతసేపు అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఐదు నిమిషాలు. పది కూడ కావచ్చు. మడత గూడ పెట్టిన."

ఆయన మీద కోపం రాలేదు. నేనైనా అదే చేసేదాన్నేమో అన్న భయం వేసింది. రోజంతా రాసి రాసి తెల్లగా చేసుకున్నది ఒక్క క్షణంలో పాడుచేసుకోవడానికి చెయ్యి రాదు మనిషికి. నిమ్మకాయలు వచ్చాయి. పిండాం, ఎరుపు విరిగి పసుపయింది, కడిగితే పసుపు కూడా చాలావరకు పోయింది. సీటును గోడకు ఆనించి ఎండలో పెట్టాం. ఎనిమిదిన్నరకు కూడా కింది అంచు కారుతూనే ఉంది. మామయ్య దాన్ని మోకాళ్లతో అదిమి నీళ్లు పిండుతున్నాడు, పాత దుప్పట్లు పరిచి మళ్లీ అదుముతున్నాడు. చివరికి పిన్నిగారే తమ తోటలో మొక్కలు పెంచే నల్ల ప్లాస్టిక్ పట్టా తెప్పించి, తడి సీటు మీద పరిపించింది. దాని మీద తెల్ల కవర్లు. నాడాలు నన్ను కట్టమన్నాడు మామయ్య. తను కట్టలేదు.

తొమ్మిదిన్నర దాటాక అక్క వచ్చి కూర్చుంది. తెల్ల చీర, తలమీద ముసుగు, చేతిలో పూలగుత్తి. కదిలినప్పుడల్లా కింద ప్లాస్టిక్ పట్టా అప్పడం విరిగినట్టు కరకరలాడింది. ఇంకో రోజైతే మేం నవ్వి నవ్వి చచ్చేవాళ్లం. జరిగిందంతా అక్కకు తెలుసు, ముడుల సంగతి ఒక్కటి తప్ప. దవాఖానా మలుపు దగ్గర, "మామయ్యా, ఆపు. ఆమె ఎట్లుందో తెలుసుకొని పోదాం" అంది. ఆలస్యమవుతుందని అమ్మ గొణిగింది. కారు ఆగింది. ఇంజిను ఆపకుండా, బ్రేకు మీది కాలు తీయకుండా మామయ్య అలాగే కూర్చున్నాడు. నన్ను వెళ్లమని చేత్తో సైగ చేశాడు.

నేను పట్టుచీరతో లోపలికి వెళ్లాను. నర్సు చేతులు కడుక్కుంటోంది. తెల్లవారుజామున మా మామయ్య కారులో తెచ్చినామె అనగానే గుర్తుపట్టింది. "తల్లికి ఏం భయం లేదు. పిల్లగాడే దక్కలే. జర ముందు తీసుకొస్తే బాగుండు" అంది. ఆ చివరి మాట వాళ్లు అందరితోనూ అంటారని నాకు తెలుసు. అయినా ఆ రోజు దాని బరువు వేరు. వరండాలో ఆమె భర్త కూర్చుని ఉన్నాడు, ఒళ్లో తువ్వాలుతో చుట్టిన చిన్న మూట. నేను నర్సుతో అన్నది విన్నాడో, నా చీర చూసి పెళ్లివాళ్లనుకున్నాడో, మూట పక్కన పెట్టి లేచి దండం పెట్టాడు. మా భాష అతనికి అలవాటైనది కాదు, ఒక్కో మాటా వెతుక్కుంటూ అన్నాడు: "రెండు బండ్లు ఆగకుంట పోయినయ్. మీ మామ బండే ఆగింది."

దవాఖానా మెట్ల నుంచి కారు దాకా ఇరవై అడుగులుంటుంది. ఆ దూరంలోనే నేను తేల్చుకోవాలి. అద్దంలోంచి మామయ్య నా ముఖాన్నే చూస్తున్నాడు. వెనక అక్క తెల్ల చీరలో. గంట దూరంలో చర్చి, బంధువులు. నేను కిటికీలోకి వంగి, "ఇద్దరూ బాగున్నరు మామయ్యా. కొడుకు" అన్నాను.

ఆయన రెండు చేతులతో ముఖం మూసుకున్నాడు. తర్వాత గేరు వేశాడు. సత్తుపల్లి దాకా ఆయన హారన్ కొట్టిన తీరు చూసి దారిలో గేదెలు కూడా పెళ్లి అనుకుని ఉంటాయి. పెళ్లి సమయానికే జరిగింది. అక్క చీర మీద ఒక్క మరకా పడలేదు.

అప్పటి నుంచి ఆ పిల్లవాడు మా ఇంట్లో మనిషయ్యాడు. మామయ్య వచ్చినప్పుడల్లా ఏదో ఒక సందర్భంలో వాడి మాట తెచ్చేవాడు. ఇప్పుడు నడుస్తుండొచ్చు అనేవాడు. రెండేళ్లు పోయాక, మాటలు వచ్చి ఉంటయ్. తర్వాత, బడికి పోతుంటడు, వాళ్ల ఊళ్లె బడి ఉన్నదో లేదో. ప్రతిసారీ నా వైపు చూసేవాడు, నేను తలూపేదాన్ని. అదే దారిలో వారానికి రెండుసార్లు కారు నడిపిన మనిషి, ఏ ఊళ్లో ఎవరింట్లో ఏముందో అడిగి తెలుసుకునే మనిషి, ఒక్కసారి కూడా ఆ ఊరు ఏదని వాకబు చేయలేదు. ఎందుకు చేయలేదో నేనూ అడగలేదు. నాకు తప్పు అనిపించేది అబద్ధం చెప్పినందుకు కాదు. దవాఖానా వరండాలో అతను చెప్పమన్నట్టుగా నా చేతిలో పెట్టిన నిజం ఒకటుంది, రెండు బండ్లు ఆగలేదన్నది. అది చెప్పాలంటే మిగతాదీ చెప్పాల్సి వస్తుందని దాన్ని నాలోనే దాచుకున్నాను. మామయ్యకు కావలసింది అదేనేమో.

నాలుగేళ్ల కింద మామయ్య పోయాడు. పోయే ముందు వారం చూడ్డానికి వెళితే, "వానికి ఇప్పుడు మీసాలొచ్చి ఉంటయ్ గద బిడ్డా" అన్నాడు. వచ్చి ఉంటాయన్నాను. పోయినవాళ్లకు వయసు ఆగిపోతుందంటారు. ఈ ఎండాకాలానికి వాడికి ఇరవై రెండు నిండాయి.