దేవుడి పేరిట ఇచ్చిన పరుపు

వసంతకుమారికి రోత పుట్టించడం అంత తేలిక కాదు. అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్‌లో పదకొండేళ్లుగా ముసలివాళ్ల డైపర్లు మారుస్తోంది. మనిషన్నాక కారుతుంది, కంపు కొడుతుంది, కడిగితే పోతుంది. అందులో అసహ్యించుకోవడానికి ఏముంది? ఆమెకు రోత పుట్టేది తన గరాజు తలుపు పైకెత్తినప్పుడే.

ఆ గరాజును ఆమె చర్చికి వదిలేసింది. ఇండియా నుంచి రెండు సూట్‌కేసులతో దిగి, ఖాళీ అపార్ట్‌మెంట్‌లో బిక్కమొహం వేసుకుని నిలబడే కొత్త జంటల కోసం, ఇళ్లు మారేవాళ్లు వదిలేసిన సామాను అందులో పెట్టాలనుకున్నారు. ఆలోచన మంచిదే. కానీ జనం సామాను బదులు చెత్త తేవడం మొదలుపెట్టారు. అడుగున పచ్చడి ఎండి పెచ్చుకట్టిన మిక్సీ జారు. లోపల బొద్దింకలు కాపురం పెట్టిన మైక్రోవేవ్. ఎవరి తలనూనెకో పసుపెక్కిపోయిన దిండ్లు. ఒక మహానుభావుడు వాడేసిన టాయిలెట్ బ్రష్ కూడా ఇచ్చాడు, అదీ గిన్నెల పెట్టెలో పెట్టి. బయట పారేయాలంటే పెద్ద సామానుకు వంద రూల్స్. ఇక్కడైతే ఊరికే వదిలిపోతుంది, పైగా ఆదివారం ప్రకటనల్లో పేరు చదువుతారు.

వసంతకుమారి ప్రతి ఒక్కరికీ నవ్వుతూ "వందనాలు బ్రదర్" అనేది. వాళ్లు కారెక్కగానే గ్లవ్స్ తొడుక్కుని సగం డంప్‌స్టర్ అనే పెద్ద చెత్తతొట్టిలో పడేసేది. మిగతా సగం తోమి తోమి వాసన చూసేది. అప్పటికీ చాలనివి డాలర్ స్టోర్‌కు వెళ్లి తానే కొనేది. ఇన్నేళ్లలో ఒక్కరినీ ఒక్క మాట అనలేదు. ఆ మాట అనకపోవడం మంచితనమని ఆమె అనుకునేది.

ఆ శనివారం పొద్దున పర్సిస్ వచ్చింది. నాలుగు నెలల పాపను గుండెకు కట్టుకుని వచ్చింది. భర్త కెన్నీకి కొత్త ఉద్యోగం, శనివారం కూడా ఆఫీస్‌కి రమ్మన్నారు. ఆరు వారాలుగా ఆ ముగ్గురూ తెలిసినవాళ్ల హాల్లో పడుకుంటున్నారు. ఆ ఇంట్లో పాప ఏడిస్తే సారీ చెప్పాలి, స్నానానికి అడిగి వెళ్లాలి. ఇవాళే సొంత అపార్ట్‌మెంట్ తాళాలు చేతికొచ్చాయి. లీజు కాగితంలో ఒక లైను కింద కెన్నీ రెండుసార్లు గీత గీశాడు: ఇంట్లోకి పురుగులు తెస్తే ఖాళీ చేయించే హక్కు యాజమాన్యానిది.

"ముందు ఇది పట్టుకో," అని వసంతకుమారి ఆమె చేతిలో టాయిలెట్ పూడితే వాడే ప్లంజర్ పెట్టింది.

"అయ్యో, ఇదెందుకాంటీ ఫస్టే?"

"అవసరమొచ్చాక కొనడానికి పరిగెడతావా? అప్పటికి బాత్రూంలో ఉన్నది హాల్లోకొచ్చి నిన్ను పలకరిస్తుంది."

పర్సిస్ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నవ్వకు, విను. షవర్ కర్టెన్ అంచు టబ్ లోపలికుండాలి. మనూళ్లోలాగా మగ్గుతో నేల మీద పోశావంటే, నీళ్లు పోయే కంతే ఉండదిక్కడ. కిందింటివాడి నెత్తిన వాన. పోపు పెట్టేముందు కిటికీ తీసి, ఫ్యాన్ వెయ్యి. లేపోతే పొగకి అలారం కొట్టుకుంటుంది, బిల్డింగంతా నైటీల్లో రోడ్డు మీద నిలబడుద్ది. వాడిన నూనె సింక్‌లో పొయ్యబాక, డబ్బాలో పోసి చెత్తలో వెయ్యి. హాల్లో పైన లైటుండదు, స్టాండు లైటు ఇదిగో."

పర్సిస్ అన్నీ ఫోన్‌లో టైప్ చేసుకుంటోంది. "పరుపొక్కటేనాంటీ లేంది."

"అదీ వస్తోందిలే. సామ్యూల్‌గారు తెస్తానన్నారు."

సామ్యూల్ చర్చిలో పెద్ద. ఇస్త్రీ చొక్కా, సెంటు, పెద్ద వ్యాన్. దిగుతూనే "ప్రైజ్ ద లార్డ్!" అన్నాడు. "చూడమ్మా, క్వీన్ సైజు, మెమరీ ఫోమ్. మా గెస్ట్ రూమ్‌ది. రెండేళ్లు కూడా వాడలా. పాస్టర్‌గారికి చెప్పాను, రేపు అనౌన్స్ చేస్తారు."

పరుపును గరాజు ముందుకు లాగి, గోడకు ఆనించారు. వసంతకుమారి గ్లవ్స్ తొడుక్కుని, అలవాటుగా అంచు కుట్టు వెంట బొటనవేలు నడిపింది. మూల దగ్గర ఆగింది. కుట్టు మడత నిండా మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. వాటి మధ్య ఊడిన తెల్లటి పొట్టు. ఒక చుక్క నడిచింది. ఆమె వేలితో అదిమింది. గ్లవ్ మీద ఎర్రటి మరక అంటింది, ఎవరి రక్తమో.

"బ్రదర్, నల్లులు."

"అబ్బే. ఏదో మసాలా పడుంటుంది సిస్టర్."

"గెస్ట్ రూమ్‌లో మసాలా దంచుతారా మీరు?"

సామ్యూల్ అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "సమ్మర్‌లో మా బావమరిది వాళ్లొచ్చి వెళ్లాక కొంచెం దురదలన్నారు. స్ప్రే కొట్టించాం. ఇంకోసారి కొట్టుకుంటే పోద్ది."

"మరి మీరెందుకు కొత్తది కొనుక్కున్నారు?"

"మావిడది సెన్సిటివ్ స్కిన్ కదా."

"ఈ పసిదానిది మందపు తోలా?"

ఆయన మొహం ముడుచుకుంది. "దేవుడి పేరిట ఇచ్చేదాంట్లో వంకలు పెట్టకూడదు సిస్టర్. ఎంత ప్రేమతో తెచ్చాను!"

అంతలో పర్సిస్ గబగబా అంది: "పర్లేదాంటీ. ఎండలో పెట్టుకుంటాం. పర్లేదంకుల్."

నల్లిని చూసినప్పుడు కలగని కంపరం వసంతకుమారికి ఆ మాట విన్నప్పుడు కలిగింది. సామ్యూల్ మీద కాదు, తన మీద. ఈయనకు ఈ ధైర్యం ఎవరిచ్చారు? ప్రతి మురికి దిండుకూ వందనాలు చెప్పింది తనే. ఈయన వెళ్లిపోయాక ఎప్పటిలాగే డంప్‌స్టర్‌లోకి ఈడ్చేయొచ్చు. రేపు చర్చిలో ఈయన పేరు చదువుతారు, ఈ పిల్ల లేచి నిలబడి థ్యాంక్స్ చెబుతుంది. వచ్చేవారం ఇంకొకాయన ఇంకొకటి తెస్తాడు. ఛీ.

"పర్సిస్, ఇట్రా," అంది. "నేనేం చెప్పను. వచ్చేది నీ ఇంటికి. చూసి నువ్వే చెప్పు."

పర్సిస్ పాప తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని వంగి చూసింది. వసంతకుమారి మడత విప్పి పట్టుకుంది. లోపల గుడ్లు, ఆవగింజల్లాంటి పిల్లలు, కడుపు ఉబ్బిన పెద్దవి, వెలుతురుకు కంగారుపడి ఒకదాని మీదొకటి పాకుతున్నాయి. పర్సిస్ రెండడుగులు వెనక్కి వేసింది.

"మొహమాటం లేకుండా తీసుకోమ్మా, మనవాళ్లమేగా," అన్నాడు సామ్యూల్.

"మాకొద్దంకుల్."

"ఏంటమ్మా?"

"వద్దండి." ఈసారి గొంతు గట్టిగానే వచ్చింది. "పాపని దీని మీద పడుకోబెట్టను. మీరు తీసుకెళ్లిపోండి."

"తీసుకెళ్లి ఎక్కడ పెట్టను? ఇంట్లోకెలా తీసుకెళ్తానమ్మా దీన్ని?"

తను అన్నది తన చెవికే వినబడినట్టుంది సామ్యూల్‌కి. చటుక్కున వసంతకుమారి వైపు తిరిగాడు. "పోనీ ఇక్కడ ఉంచండి, మీరే ఏదో ఒకటి..."

"నా గరాజులోకి రాదు బ్రదర్."

ఆయన ఒక కొస పట్టుకుని లాగాడు. పరుపు నడుం విరిగి ఆయన మీదికి ఒరిగింది. దాన్ని కౌగిలించుకోక తప్పలేదు. ఇస్త్రీ చొక్కాకు, మెడకు, చెంపకు కుట్టు రాసుకుంటూ ఈడ్చుకెళ్లాడు. "ఓ చెయ్యి వెయ్యండి సిస్టర్!" అని పరుపు వెనక నుంచి అరిచాడు. రెండో కొస పట్టుకోవడానికి ఎవరూ కదల్లేదు.

వ్యాన్ మలుపు తిరిగాక వసంతకుమారి గ్లవ్స్ చెత్తలో పడేసి, చర్చి గ్రూప్‌లో మెసేజ్ పెట్టింది: "ఇకనుంచి గరాజుకు ఏది ఇవ్వాలన్నా, ముందు రోజు రాత్రి మీరు దాన్ని వాడి, పొద్దున తీసుకురండి." ఎనభైమంది చూశారు. ఒక్కరూ ఆమెన్ అనలేదు.

మధ్యాహ్నం ఇద్దరూ వెళ్లి చవకలో రెండు మందపాటి బొంతలు కొన్నారు. పర్సిస్ వాటిని ఖాళీ హాల్లో కార్పెట్ మీద పరిచి, పాపను పడుకోబెట్టింది. పాప ఏడ్చింది. పర్సిస్ ఎవరికీ సారీ చెప్పలేదు.