ల్యాంపు రూం రఘుపతి కారు

గోదావరిఖనిలో అతన్ని ల్యాంపు రూం రఘుపతి అంటారు. గనిలోకి దిగేవాళ్ళు టోపీకి తగిలించుకునే దీపాలకు చార్జింగు పెట్టి, షిఫ్టు షిఫ్టుకూ నంబరు చూసి చేతికివ్వడం ఇరవై ఆరేళ్ళుగా అతని డ్యూటీ. బ్యాటరీల విషయంలో ఎవరి మాటా నమ్మడు. ఒక్కసారి నమ్మాడు. పన్నెండు గంటలు వెలుగుతుందని కాగితంలో ఉన్న దీపాన్ని ఆగయ్య అనే కార్మికుడికి ఇచ్చాడు. అది తొమ్మిదో గంటకే ఆరిపోయింది. ఆ రోజే పైకి తెచ్చే బండి చెడిపోయి, ఆగయ్య గంటన్నర సేపు చీకట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పైకొచ్చాక తిట్టలేదు. దీపాన్ని కౌంటరు మీద పెట్టి, "నీ కాగితం నువ్వే సదువుకో బిడ్డా" అని వెళ్ళిపోయాడు.

రఘుపతి భార్య జమునకు నిరుడు కిడ్నీ మార్చారు. నెలకోసారి హైదరాబాద్ దవాఖానలో చూపించుకోవాలి. రెండు వందల ఇరవై కిలోమీటర్లు. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమెకు డీజిల్ వాసన పడదు. అద్దె కారు సుల్తానాబాద్ దాటకముందే వాంతి. పొద్దున వేసుకున్న మందు అందులోనే పోతుంది. మందు ఇట్లా పోతూ ఉంటే కొత్త కిడ్నీ నిలబడదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. అందుకే కరెంటు కారు. ఆమె వెనక సీట్లో పడుకోగలగాలి. దారిలో ఎక్కడా ఆగిపోకూడదు.

కరీంనగర్ షోరూంలో దీప అనే అమ్మాయి రెండు కార్లు చూపించింది. చిన్నది ఒక్క చార్జింగుతో మూడు వందల కిలోమీటర్లు పోతుందట, పెద్దది నాలుగు వందల ఎనభై.

"ఎవరు తోల్తే?"

"టెస్టు చేసిందే సార్."

"ఎండకాలంల చేసిన్రా? ఏసీ ఏసిన్రా? నలుగురు కూసున్నరా?"

దీప నవ్వింది. "కారు కొన వచ్చిన్రా సార్, కేసు పెట్ట వచ్చిన్రా?"

రఘుపతి నవ్వలేదు. ప్రతి అంకెలోనూ మూడో వంతు కొట్టేశాడు. చిన్నది శామీర్‌పేట దాటగానే, హైదరాబాద్ రాకముందే ఆగిపోతుంది. వెనక సీట్లో జమున, చుట్టూ లారీల పొగ. పెద్దదే కావాలి.

"పెద్దదానికి మామూలు సాకెట్టు మీద పదహారు గంటలు పడ్తది సార్. ఇంటి లైను చూపించుకోన్రి," అంది దీప.

రఘుపతి ఉండే గని కంపెనీ క్వార్టర్లలో కరెంటుకు మీటరు ఉండదు. ఏ వైరు ఎంత మోస్తుందో అక్కడ ఎవరికీ తెలియదు, తెలుసుకునే అవసరమూ రాలేదు. వంట హీటరు మీద, స్నానం హీటరు మీద. గుమ్మంలో నిలబడితే పవర్ ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తాయి. అక్కడ పుట్టిన కరెంటు ఎవరెవరి ఊళ్ళకో పోతుంది. ఇక్కడ మాత్రం సాయంత్రమైతే వోల్టేజీ పడిపోయి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు.

ఆదివారం పొద్దున ఆరింటికి రఘుపతి రేకుల షెడ్డులోని సాకెట్టుకు, కారంత కరెంటు లాగే పెద్ద హీటరు తగిలించి, దాని మీద గంజు పెట్టి, నీళ్ళు పోసి, పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాడు. పక్క క్వార్టరు గట్టయ్య గోడ మీంచి తొంగిచూశాడు.

"ఏంది బావా, దావత్ ఉన్నదా?"

"కారు కోసం."

"కారును ఉడకబెట్టుకోని తింటవా?"

పదిన్నరకు కాలిన వాసన వచ్చింది. సాకెట్టు నల్లబడింది, గోడ వేడెక్కింది. రఘుపతి పరుగెత్తి మెయిన్ ఆపేశాడు. షెడ్డు కట్టిన ఏడాది ఆ వైరు లాగింది తానే. రోజూ అరగంట హీటరు వెలిగితే అంతా బాగుందనుకున్నాడు. ఒక్కనాడూ దానికి పూర్తి షిఫ్టు పని చెప్పలేదు. ఆ గోడకు అవతలి పక్కనే జమున మంచం.

వైరు మార్చినా క్వార్టరు లైను మీద కారుకు పర్మిషన్ లేదని ఆఫీసులో చెప్పారు.

"దొడ్డు వైరు గుంజు. హీటర్లకు అడిగినమా పర్మిషను?" అన్నాడు గట్టయ్య.

"నీకు గోడ ఇవతల ఎవరు పండుకుంటరో ఎరికేనా?" అని రఘుపతి గట్టిగా అరిచాడు.

ఇక మిగిలింది మీటరున్న అద్దిల్లు. అది వినగానే జమున మొహం తిప్పుకుంది.

"ఇరవై నాలుగేండ్లాయె. నువ్వు డ్యూటీకి పోతే నాకు జావ తెచ్చిచ్చేది ఈ క్వార్టర్ల లైనోళ్ళే. ఆడ ఎవలున్నరు నాకు?"

రెండు రోజుల తర్వాత ఆమే అంది. "కాలనీ గోడ అవతలనే చూడు. పిలిస్తే గట్టయ్య పెండ్లానికి ఇనపడాలె. గంతకంటే దూరం పోను."

అట్లాంటి ఇల్లే దొరికింది. గదులు ఇరుకు. కాని వైరింగు కొత్తది, యజమాని కారుకు ఒప్పుకున్నాడు. వచ్చిన వారమే రఘుపతి అక్కడా హీటరు పెట్టి, పదహారు గంటలు కదలకుండా చూశాడు. ఆ తర్వాతే పెద్ద కారుకు సంతకం చేశాడు.

మొదటి ప్రయాణం మే నెలలో. సుల్తానాబాద్ దాటింది. కరీంనగర్ దాటింది. రఘుపతి కళ్ళు రోడ్డు మీద కంటే ఇంకా ఎంత దూరం పోవచ్చో చూపే తెర మీది అంకె మీదే ఎక్కువ ఉన్నాయి. బయల్దేరేటప్పుడు అది మూడు వందల ఇరవై చూపించింది, సరిగ్గా అతని లెక్కే. ఎండకు ఇప్పుడు ఆ లెక్క కంటే తొందరగా తగ్గుతోంది. ఏసీ ఆపుదామని చెయ్యి చాపి, వెనక సీటు వైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సిద్దిపేట పొలిమేరలో జమున లేచి కూర్చుంది.

"ఆపుతవా? ఆకలైతుంది."

ఈ దారిలో ఆమె ఆ మాట అని ఏడాది దాటింది. మందు వేసుకుని మూడు గంటలైంది, లోపలే ఉంది. ఇంకా నూటపది కిలోమీటర్లు పోవాలి. తెర నూట యాభై చూపిస్తోంది. అందులోంచి మూడో వంతు తీసేస్తే వందేనని అతనికి తెలుసు.

ఇడ్లీ బండి పక్కన కారు ఆపాడు. ఆమె తింటున్నంతసేపూ, దగ్గరలో చార్జింగు ఎక్కడుందో బండివాణ్ణి అడుగుతూనే ఉన్నాడు.